కేసు గెలిస్తే భార్య కాపురానికొస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు, పెళ్లయ్యి నాలుగేళ్లు. ఎనిమిది నెలల క్రితం గొడవై మా ఆవిడ విజయవాడ పుట్టింటికెళ్లింది, పెద్దమనుషుల్లో పెట్టినా రాలేదు. సెక్షన్ 9 కింద కేసేస్తే కోర్టే పంపిస్తుంది, కాపురం నిలబడుద్ది అంటున్నాడు మా బాబాయి. వెయ్యమంటారా?

జవాబు: మీ బాబాయి గారు మంచికే చెప్పారు గానీ సగమే చెప్పారండి. హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 9 అంటే దాంపత్య హక్కుల పునరుద్ధరణ, మేం ఆర్‌సీఆర్ అంటాం. డిక్రీ, అంటే కోర్టు ఉత్తర్వు, వచ్చినంత మాత్రాన పోలీసులు జీపెక్కించి మీ గుమ్మంలో దింపరు, మహా అయితే ఆవిడ పేరున ఉన్న ఆస్తి జప్తుకి అడగొచ్చు, అది చేశాక ఇంక ఎందుకొస్తుంది చెప్పండి.

అసలు మెలిక సెక్షన్ 13లో ఉంది. డిక్రీ తర్వాత ఏడాది పాటు కలిసి ఉండకపోతే ఇద్దర్లో ఎవరైనా విడాకులడగొచ్చు, గెలిచినోళ్లే కాదు ఓడినోళ్లు కూడా. ఓడినోళ్లకి ఈ వీలు 1964 సవరణతో వచ్చింది, అప్పుడు రెండేళ్లున్న గడువుని 1976లో ఏడాదికి దించారు. అంటే మీరు లాయరు ఫీజు కట్టి మరీ ఆవిడకి విడాకుల దారి వేసిపెట్టినట్టు. సరోజ్ రాణి కేసులో అచ్చం ఇదే జరిగింది, కాపురం కావాలని ఆవిడే కేసేసింది, భర్త సరేనన్నాడు, డిక్రీ వచ్చింది, ఏడాది దాటాక ఆయనే విడాకులడిగితే 1984లో సుప్రీంకోర్టు కూడా ఇచ్చేసింది. అంతకు ముందేడు సరిత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సెక్షన్ 9 చెల్లదని కొట్టేసింది, ఆ 1984 తీర్పుతోనే మళ్లీ నిలబడింది. నన్నడిగితే మన హైకోర్టు చెప్పిందే రైటు, ఏం లాభం.

ఇంకోటి, డిక్రీ ఉంటే మెయింటెనెన్స్, అంటే భరణం, తప్పుద్దని కూడా ఎవరో ఒకరు చెప్తారు, నమ్మకండి. రాకపోవడానికి సరైన కారణం ఉంటే డిక్రీ ఉన్నా ఇవ్వాల్సిందేనని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

వీటన్నిటికంటే నాకు భయం కౌంటరంటేనే. కేసేశారంటే ఎందుకు రానో ఆవిడ రాసివ్వాలి కదా, మీ అమ్మగారు అన్నవీ మీరు అన్నవీ, మీరు మర్చిపోయినవీ అన్నీ టైపయ్యి ఫైల్లోకెక్కుతాయి. అవి చదివాక మళ్లీ ఒకే కంచం దగ్గర కూర్చున్నవాళ్లని నేను చాలా తక్కువ చూశా.

ముందు విజయవాడలో న్యాయసేవాధికార సంస్థలో అప్లికేషన్ పెట్టండి, కేసు లేకుండానే ఇద్దర్నీ పిలిచి మాట్లాడతారు, ఫీజుండదు. బస్సెక్కితే గంట, అంతే కదా. వెళ్లేటప్పుడు బాబాయి గారిని మాత్రం తీసుకెళ్లకండి.