పిల్లల పేర్లు ముందు నేర్చుకో తల్లీ

చిట్టెమ్మకు పెదనాయన ఆశీస్సులు.

డీఎస్సీలో నీకు ఉద్యోగం వచ్చిందనీ, కర్నూలు జిల్లా కౌతాళం పక్క పల్లెలో బడి ఇచ్చారనీ మీ నాయన ఫోన్‌లో చెప్పినాడు. మన ఇంట్లో నా తర్వాత చాక్‌పీసు పట్టేది నువ్వే. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మీ అమ్మ చెప్పిన ఇంకో మాట కూడా నిద్ర పట్టనియ్యలేదు. “పేర్లన్నీ ఒకేలా ఉంటాయంట, తనే ముద్దుపేర్లు పెట్టి పిలుస్తుందంట” అనింది. అందుకే ఈ ఉత్తరం.

వీలైతే ఆ ఊళ్లోనే ఇల్లు చూసుకో. కొంచెం కన్నడం నేర్చుకో, అక్కడ చాలా ఇళ్లలో అదే మాట్లాడతారు. అడ్మిషన్ రిజిస్టర్‌లో అవ్వ చెప్పిన పిలుపు పేరు రాయొద్దు. జనన ధ్రువపత్రం, ఆధార్ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయి. తేడా ఉంటే అపార్ ఐడీ, అదే ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబరు, దాని దగ్గర ఆగిపోతుంది. ధ్రువపత్రంలో పేరే లేకపోతే 15 ఏళ్లలోపు చేర్పించుకోవచ్చని తల్లిదండ్రులకు చెప్పు.

నీ క్లాసులో ఇద్దరో ముగ్గురో ఈరన్నలు ఉంటారు. ఉరుకుంద ఈరన్నస్వామి ఉండేది ఆ మండలంలోనే కదా. ఆయనకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలు ఈరన్న, ఈరమ్మ, ఉరుకుందప్ప. అనంతపురం పక్క గూగూడు స్వామి పేరున కుళ్ళాయప్పలు ఉన్నట్టే. తిప్పన్న, పుల్లమ్మ అని విని నవ్వేవు, జాగ్రత్త. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, చెత్త తిప్ప, ఎంగిలి పుల్లాకు పేరు పెడితే ఈ బిడ్డ మీదనైనా చావు కన్ను పడదని ఎంతోమంది తల్లులు పెట్టుకున్న పేర్లవి.

ముగ్గురు ఈరన్నల్లో ఒకణ్ణి పిలవాలంటే ‘నల్ల ఈరన్న’, ‘పొట్టి ఈరన్న’ అని నోటికి ఇట్టే వచ్చేస్తుంది. నా భయమంతా అక్కడే.

నేను చదువుకునేటప్పుడు మా తరగతిలో ఇద్దరు ఈరన్నలు. ఒకడికి నత్తి. హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్ సార్’ అనే మాట ‘ప్ర’ దగ్గరే ఆగిపోయేది. పెదవులు వణికేవి, మెడ నరం లేచేది. ఆ అయ్యవారు లెక్కలు బాగా చెప్పేవాడు, ఎవరినీ కొట్టేవాడు కాదు. ఒకరోజు మాత్రం “మన నత్తి ఈరన్న పలికేసరికి ఇంటి గంట కొడతారు” అన్నాడు. క్లాసంతా నవ్వింది. సాయంత్రానికి బావికాడ ఆడోళ్ల నోట కూడా వాడు నత్తోడే. అప్పటినుంచి వాడు హాజరుకు పలకడం మానేసి చెయ్యి ఎత్తేవాడు. కొన్నాళ్లకు బడికే రాలేదు. పెద్దయ్యాక చిల్లర అంగడి పెట్టినాడు. బోర్డు మీద కూతురి పేరు రాయించుకున్నా జనానికి అది నత్తోని అంగడే. కొడుకు గలగలా మాట్లాడతాడు, వాడు కూడా నత్తోని కొడుకే. ఒక ఎలక్షన్‌కు ఓటరు స్లిప్పులు పంచే పిల్లోడు ఆ అంగడి ముందరే నిలబడి పేరు చదివినాడు. “పెద్దింటి ఈరన్నా? గుడికాడ ఈరన్నా?” అని ఊళ్లో ఈరన్నలందరినీ తలచుకున్నారు గానీ, ఎవరి అరుగు మీద కూచున్నారో ఆయన మాత్రం గుర్తుకు రాలేదు. లోపల బెల్లం తూకం వేస్తున్న ఈరన్న చేతులు తుడుచుకుని వచ్చి, స్లిప్పు తీసుకుని లోపలికి పోయినాడు. వాళ్లలో నేనూ కూచున్నా. ఇప్పటికీ ఆ అయ్యవారి మీద కోపం పోలేదు నాకు.

తోటి పిల్లలు ఎగతాళి పేరు పెడితే తిరగబడి తిట్టొచ్చు. అయ్యవారే పెడితే ఎవరికి చెప్పుకుంటాడు?

నువ్వు అట్లాంటి మాట అనవు, నీ మనసు నాకు తెలుసు. నువ్వు పెట్టేది బుజ్జి, బంగారం లాంటివే. అయినా ఒకరిని బంగారం అన్నప్పుడు పక్కన కూచున్న పిల్ల ముఖం చూడు. ఇంట్లో ముద్దుగా ఉన్న చిట్టెమ్మ అనే పిలుపు నీ కాలేజీ గేటు దగ్గర నేను పిలిస్తే నీకెంత కోపమొచ్చింది! చాన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు నువ్వు.

ముగ్గురు ఈరన్నలుంటే ఇంటిపేరో నాయన పేరో కలిపి పిలువు. నోరు తిరగని పేరైతే పిల్లోణ్ణే అడిగి పలికించుకో. ఇంట్లో ఏమని పిలుస్తారో అడుగు, ఆ పేరుతో బళ్లో పిలవొచ్చా అని కూడా వాణ్ణే అడుగు. ఎవరైనా ఎగతాళి పేరు మొదలుపెడితే ఆ పూటే ఆపు. అందరి ముందర కాదు, పక్కకు పిలిచి చెప్పు.

ఇంకొకటి. దీపావళి దాటినాక అక్కడ చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, గుంటూరు పక్క మిరప కోతలకు పోతారు. నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లోడు తన పేరు కొట్టేసినారేమోనని వాకిట్లోనే నిలబడతాడు. రిజిస్టర్ కోసం వెతకొద్దు. చూసిన వెంటనే పేరుపెట్టి లోపలికి పిలువు.

వేళకు తిను తల్లీ. మొదటి ఆదివారం ఫోన్ చెయ్యి. జీతం సంగతి, హెడ్మాస్టర్ సంగతి తర్వాత. ముందు నీ పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చెప్పు, వింటా.

నీ పెదనాయన