రాజీనామా ఇచ్చే ముందు బోర్డులు చదువు

చిరంజీవికి, పెద్దమ్మ ఆశీస్సులు.

చిత్తూరులో అకౌంట్స్ ఉద్యోగం వదిలి గ్రాఫిక్ డిజైనర్‌గా స్థిరపడాలని ఉందని రాశావు. ముప్పై దాటాక కుదురుతుందా అని అడిగావు. తప్పకుండా కుదురుతుంది. ఈ పనిలో వయసు ఎవరూ అడగరు, చేసినది చూపించమంటారు. అయితే అప్పు చేసి బెంగళూరులో కోర్సులో చేరతానన్న మాట నాకు నచ్చలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎక్కడుందో ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు. బొమ్మలు, లోగోలు వేసే ఇంక్‌స్కేప్ పూర్తిగా ఉచితం, డిజైన్లు వేసే ఫిగ్మా కూడా డబ్బు కట్టకుండా మొదలుపెట్టవచ్చు. కంటికి కావలసిన చదువు వేరు. దానికి తిరుపతిని మించిన బడి నాకు తెలియదు.

ఒక ఆదివారం ఇక్కడికి రా. రైల్వే స్టేషన్ ఎదుట ఉన్న యాత్రికుల వసతి గృహం విష్ణు నివాసం దగ్గర మొదలుపెట్టి, బస్టాండు దగ్గర అలాంటిదే అయిన శ్రీనివాసం దాకా నడువు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లిషు బోర్డులు వరుసగా కనిపిస్తాయి. వాటిని చదివే మనిషి ఎవరో ముందు చూడు. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చి, ఒక చేత్తో సంచి, భుజాన నిద్రపోతున్న బిడ్డతో నిలబడిన తల్లి. దర్శనం టోకెన్లు ఎక్కడ ఇస్తారు, సామాను ఎక్కడ పెట్టాలి, కొండకు బస్సు ఎక్కడ ఎక్కాలి, ఆమెకు కావలసింది అంతే. బోర్డు కిందే నిలబడి జనం ఆటోవాళ్లను దారి అడుగుతున్నారంటే ఆ బోర్డు తన పని చేయడం లేదు. ఎందుకో కనిపెట్టు. కన్ను మొదట ఏ మాట మీద పడింది? ఏ మాట మీద పడాల్సింది? ఫోటో తీసుకుని ఇంటికి వెళ్లి, కాగితం మీద పెన్సిల్‌తో దాన్ని తిరిగి వెయ్యి. కంప్యూటర్ తర్వాత.

అక్షరాల దగ్గర ఇంకా ఓపిక కావాలి. ఐదు లిపులకూ ఒకే సైజు ఇచ్చినంత మాత్రాన ఐదూ సమానంగా కనిపించవు. మరుగుదొడ్ల బోర్డునే తీసుకో. ‘పురుషులు’ అన్న మాటకు కింద ఒక్క వత్తు కూడా లేదు. ‘స్త్రీలు’కు పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, ర వత్తు. ఇంగ్లిషుకు సరిపోయిన వరుసల ఎడం ఇక్కడ చాలదు, వత్తు కింది వరుస నెత్తిన ఎక్కుతుంది. ఫోటోషాప్‌లో మన లిపులను సరిగా కూర్చే వరల్డ్ రెడీ లేఅవుట్ అనే అమరిక ఎంచుకోకపోతే వత్తులు, గుణింతాలు విడిపోయి నిలబడవచ్చు. ఇక్కడి ప్రెస్సులలో ఇంకా వాడుతున్న ‘అను’ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు అర్థంలేని గుర్తులుగా తెరుచుకుంటుంది. కాబట్టి రెండు పద్ధతులూ తెలిసి ఉండాలి. సాధనకు గూగుల్ ఫాంట్స్‌లో మల్లన్న, మండలి, రామభద్ర ఉన్నాయి. మన కాళహస్తి కవి పేరుతో ధూర్జటి కూడా ఉంది. ఒకే వాక్యాన్ని నాలుగింటిలో వేసి, గోడకు అంటించి, దూరం నుంచి చదివి చూడు. తెలుగు అక్షరాన్ని ఇంత శ్రద్ధగా చూసేవాళ్లు తక్కువ. నువ్వు వాళ్లలో ఒకడివి కావాలని నా ఆశ.

నీ పనులు చూపించే పోర్ట్‌ఫోలియోను ఊహించుకున్న కంపెనీల లోగోలతో నింపవద్దు. నీకు లోతుగా తెలిసిన దాన్ని తీసుకో. అప్పు తీసుకున్నవాళ్లకు మీ ఆఫీసులో ఇచ్చే వాయిదాల కాగితం చదివి, ఎంత కట్టారో, ఇంకా ఎంత ఉందో అర్థం కాక నీ బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఉంటారు కదా? ఆ కాగితాన్ని నీ సొంతంగా తిరగరాయి, పేర్లూ నంబర్లూ కల్పితమే పెట్టు. ఊళ్లో ఇద్దరు ముగ్గురికి చూపించి, ఎక్కడ తడబడ్డారో రాసుకుని మళ్లీ సరిదిద్దు. మొదటి రూపం, చివరి రూపం, మధ్యలో మారిందేమిటో అన్నీ చూపించు. పని ఇచ్చేవాళ్లకు అలాంటిది ఒక్కటి చాలు, నీ బుర్ర ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అకౌంట్స్‌లో గడిపిన ఏళ్లు వృథా అయ్యాయని ఇంకెప్పుడూ రాయకు.

చదువే కావాలనిపిస్తే డిజైన్‌లో పీజీ చదువుకు ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ (CEED) ప్రవేశ పరీక్ష రాయి. దానికి వయోపరిమితి లేదు, ఐఐటీ హైదరాబాద్ ఎం.డిజైన్‌కు కూడా అదే దారి.

డబ్బు సంగతి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా, బయటివాళ్లు కనీసం ముగ్గురు డబ్బిచ్చి పని చేయించుకోకుండా ఉద్యోగం మానవద్దు. సగం అడ్వాన్సు తీసుకున్నాకే మొదలుపెట్టు. ఎన్నిసార్లు మార్పులు చేస్తావో ముందే రాసి పంపు. పెళ్లి పత్రిక ఊరికే వేసిపెట్టమని మనవాళ్లే అడుగుతారు. దగ్గరివాళ్లకు కానుకగా వేసిపెట్టు, మిగతావాళ్లకు ధర చెప్పు. అచ్చుకు ఇచ్చే ముందు పేర్లూ ముహూర్తమూ ఇంటి పెద్దల చేత చదివించి, ప్రూఫ్ మీద సంతకం పెట్టించుకో.

మీ నాన్నగారితో నన్ను మాట్లాడమన్నావు. మాట్లాడను, ఆ మాట నీ నోటి నుంచే రావాలి. ఆయన మొదట అడిగేది నెలకు ఎంత వస్తుందనే. బయటి పనుల మీద ఇప్పటిదాకా వచ్చిందెంత, ఖర్చయిందెంత, ఒక కాగితం మీద వేసుకుని వెళ్లి కూర్చో.

మీ పెద్దమ్మ
తిరుపతి