రంగం వెళ్లిన ముత్తాత పేరు ఎక్కడుంది?

ప్రశ్న: మా ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా రంగం (బర్మాలోని రంగూన్, ఇప్పటి యాంగోన్) వైపు వెళ్లి తిరిగి రాలేదు. పింఛను కాగితం ఒకటుంది, ఫొటో లేదు. తిథి తెలియక తాతయ్య ఏటా మహాలయ అమావాస్యకే పిండం పెడతారు. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం గోడలన్నీ వెతికాం, పేరు లేదు. ఆయన లెక్కలోనే లేరా?
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: ఉండాలమ్మా. మీరు వెతికిన చోటే వేరు. 2019లో తెరిచిన ఆ స్మారకం స్వాతంత్ర్యం వచ్చాక పోయిన జవాన్లది. పక్కనే ఉన్న ఇండియా గేట్ మీదవేమో మొదటి ప్రపంచ యుద్ధం, 1919 అఫ్గాన్ యుద్ధం నాటి పేర్లు. మీ ముత్తాత ఆ రెంటికీ మధ్యవారు. ‘తెల్లోడి యుద్ధంలే’ అని ఇలాంటివారిని పక్కన పెట్టేస్తుంటే మాజీ సిపాయిని, నాకు ఒళ్లు మండుతుంది. ఇంటింటా సిపాయిలున్న ఊరు, మీ పక్కనే ఉన్న మిలటరీ మాధవరం వెళ్లి అనమనండి ఆ మాట!

రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన మనలాంటి బ్రిటిష్ పాలిత దేశాల సిపాయిల పేర్లు, సమాధుల లెక్క కూడా చూసే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. ఇంటర్నెట్‌లో దాని రికార్డులు చూడండి. డబ్బు కట్టక్కర్లేదు. బర్మా పోరాటంలో పోయి, సమాధి లేనివారి పేర్లు దాదాపు 27,000 యాంగోన్‌కు ఉత్తరాన టౌక్యాన్‌లో రాతి మీద చెక్కి ఉన్నాయి. దహనం చేసినవారికి అక్కడే వేరే స్మారకం ఉంది.

పేరుతో మాత్రం మొదలుపెట్టకండి. మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కేసరికి ఏ రూపానికి తిరిగాయో చెప్పలేం. ఇంటిపేరు ముందుండొచ్చు, వెనకుండొచ్చు, అసలు లేకనూ పోవచ్చు. కాగితం మీద సర్వీసు నంబరు కనిపిస్తే ముందు అది కొట్టండి. అది చెరిగిపోతే పేరును రకరకాల స్పెల్లింగులతో ప్రయత్నించి, వివరాల్లో ‘ఫలానా వారి కొడుకు, ఫలానా ఊరు’ అని ఉందేమో చదవండి. మన సిపాయిల్లో చాలామందికి అలా రాసి ఉంటుంది.

దొరికితే పక్కనే చనిపోయిన తేదీ ఉంటుంది. గల్లంతైనవారి విషయంలో అది సైన్యం ఖాయం చేసిన తేదీ కావచ్చు, అయినా పట్టుకుని మీ పురోహితుడి దగ్గరికి వెళ్లండి. ఆనాటి తిథి చూసి చెబుతారు. తాతయ్యగారికి పెద్దక్షరాల్లో ప్రింటు తీసివ్వండి. ఎంత వెతికినా దొరక్కపోతే ఆ కాగితం జిరాక్సు నాకు పంపండి, నేనూ చూస్తాను.