పాము కార్డు పదే పదే వస్తున్నప్పుడు ఏం చేయాలి?

మనసులోని ప్రశ్నకు సూచన కోసం తీసే జంతువుల బొమ్మల ఒరాకిల్ కార్డుల్లో వారంలో మూడుసార్లు పాము కార్డే వచ్చిందనీ, అది కీడుకు సూచన కావచ్చన్న భయంతో నచ్చిన జంతువు వచ్చేదాకా మళ్లీ మళ్లీ కార్డులు తీస్తున్నాననీ మీరు రాశారు. ముందుగా ఆ మళ్లీ తీయడం ఆపండి; దానివల్ల భయం పెరుగుతుందే తప్ప స్పష్టత రాదు.

జోస్యానికి వాడే టారో అనే కట్టలో 78 కార్డులకు సంప్రదాయంగా వస్తున్న అర్థాలు ఉన్నాయి. ఒరాకిల్ కార్డులకు అటువంటి కట్టుబాటు లేదు. ఎన్ని కార్డులుండాలో, వాటి భావమేమిటో రూపొందించినవారే నిర్ణయిస్తారు. కాబట్టి పాము అంటే కీడని ఎక్కడా ఖరారు కాలేదు. పైగా, తీసిన కార్డును పైనే పెట్టి కొద్దిగా కలిపితే అదే తిరిగి రావడం సహజం. 52 పేకముక్కలు బాగా కలవాలంటే కట్టను రెండుగా విడదీసి, ఒక సగంలోని ముక్కలు మరో సగంలోకి చొచ్చుకునేలా ఏడుసార్లు కలపాలని 1992లో బేయర్, డయాకోనిస్ అనే గణితవేత్తలు చూపారు.

ఇక పాము విషయానికి వస్తే, కుబుసం విడిచే ముందు దాని కళ్లు నీలంగా మసకబారి, చూపు మందగిస్తుంది. ఆ రోజుల్లో అది చాలావరకు దాక్కునే ఉంటుంది. నాకు ఎంతో ఇష్టమైన వివరమిది. కార్డులతో వచ్చే పుస్తకంలోని అర్థం చదవకముందే, బొమ్మను చూస్తూ "నాకిప్పుడు స్పష్టంగా కనిపించనిదేమిటి, దాని విషయంలో తొందరపడుతున్నానా?" అని ప్రశ్నించుకుని, తోచినది తేదీతో సహా రాసుకోండి. వారం తరువాత, కొత్త కార్డు తీయకుండా, దానినే మళ్లీ చదవండి.

వైద్యం, డబ్బు వంటి నిర్ణయాలను మాత్రం కార్డులకు వదలకండి. భయం నిద్రను చెడగొడుతుంటే కట్టను కొన్నాళ్లు పక్కన పెట్టి, మీరు నమ్మే మనిషితో మాట్లాడండి.