గురకకీ పక్కలో మూత్రం పోవడానికీ లంకె ఉంది, గురక సంగతి డాక్టరుకు చెప్పండి

మీ ఆయనకు నలభై దాటాయి, గురక ఎక్కువ, ఈ మధ్య నిద్రలోనే మూత్రం పోతోంది, షుగర్ లేదని తేలింది, ఈ రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగారు. ఉందమ్మా. నాకు రెండూ ఉండేవి. మాది ఆదోని, పత్తి వ్యాపారం, నాకూ షుగర్ లేదు.

ముందు ఆయన పడుకున్నాక కాసేపు గమనించండి. గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి దమ్ము ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతోందా? దాన్నే స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే ఒకసారి కింద లెక్క, గంటకు 30 సార్లు దాటితే తీవ్రం అంటారు.

ఇక మూత్రం సంగతి. గాలి రాకపోయినా ఛాతీ మాత్రం గట్టిగా లోపలికి లాగుతూనే ఉంటుంది, ఆ లాగుడుకి గుండెలోకి రక్తం ఎక్కువగా చేరి పై గది సాగుతుంది, అప్పుడు గుండె ఒంట్లో నీరు ఎక్కువైందనుకొని ఏఎన్‌పీ అనే హార్మోన్ వదులుతుంది, అది కిడ్నీలతో ఉప్పునీ నీళ్లనీ బయటకు పంపిస్తుంది. మామూలుగా రాత్రిపూట మూత్రం తక్కువ తయారవ్వాలి, ఇక్కడ ఎక్కువవుతుంది. చాలామంది దీనివల్ల పదే పదే లేస్తారు. కొందరికి నిద్ర చెదిరి చెదిరి మెదడు ఎంత అలిసిపోతుందంటే బ్లాడర్ నిండినా మెలకువే రాదు. అందుకే సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తే సరిపోదు. నేను మానేసి చూశాను, నోరు ఎండిపోయింది తప్ప పక్క తడవడం ఆగలేదు.

సిగ్గు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం మిద్దె మీద అందరితో పడుకోవడం మానేశాను, పెళ్లిళ్లకు పోయినా రాత్రికే తిరుగు ప్రయాణం. మా అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది (పోనీ, దానివల్ల నష్టమేం లేదు). మొదట చూపించిన డాక్టరు గురక గురించి అడగనే లేదు, బ్లాడర్ మాత్రలు రాసి పంపించారు. తర్వాత కర్నూలులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర మా ఆవిడ గురక ఎట్లుంటుందో చేసి చూపించింది, నాకు తల కొట్టేసినట్టయింది గానీ ఆయన వెంటనే స్లీప్ టెస్ట్ రాశారు. ఇంట్లోనే వేలికి క్లిప్పు, ముక్కుకు గొట్టం, ఛాతీకి బెల్టు పెట్టుకొని పడుకోవడమే. తీవ్రంగా ఉందని తేలింది.

నాకు సీప్యాప్ మెషిన్ పెట్టారు. మాస్క్ గుండా గాలి ఒత్తిడితో వచ్చి గొంతు మూసుకోకుండా చూస్తుంది. మొదట్లో చిరాకే, నా మీసాలకు మాస్క్ అతకక గాలి బుస్సుమని లీకయ్యేది, మీసాలు తగ్గించుకోవాల్సి వచ్చింది. అలవాటయ్యాక పక్క తడవడం ఆగింది, రాత్రి లేవడం కూడా తగ్గింది. పగలు కాటా దగ్గర కునుకు పట్టడం పోయింది, అన్నిటికంటే అదే పెద్ద మేలు, ఎందుకంటే నేను బండి నడుపుతాను. అందరికీ ఇట్లే తగ్గుతుందని మాత్రం అనను.

కారణం గురకే అని ముందే తేల్చేసుకోకండి. యూరిన్ ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్, మలబద్ధకం, నిద్రలో వచ్చే ఫిట్స్, కొత్తగా మొదలుపెట్టిన మాత్రలు, ఇవన్నీ కూడా చూస్తారు. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరిగా ఉన్నా అసలు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. మందు తాగే అలవాటుంటే రాత్రిపూట మానిపించండి, నిద్రమాత్రలు సొంతంగా వేయొద్దు, రెండూ గొంతును ఇంకా వదులు చేస్తాయి. బరువు ఎక్కువుంటే తగ్గితే మేలు, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకున్నా కొందరికి తేడా ఉంటుంది.

ఆయన డాక్టరు దగ్గర నోరు విప్పకపోతే గురకను ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. మెషిన్ రాస్తే వెంటనే కొనకండి, ముందు అద్దెకు ఇస్తారేమో అడగండి, ఏ మాస్క్ సరిపోతుందో వాడితే గానీ తెలియదు.