వయొలిన్ చేతికిచ్చింది మీరే కదమ్మా!

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చే ఏడాది రావాలి. అబ్బాయి ఏ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటిది) చివరి ఏడు. యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి ఆఫర్ వచ్చింది. ఆరో ఏట నుంచి కర్ణాటక వయొలిన్ నేర్పించాం. ఇప్పుడేమో స్నేహితులతో కలిసి పాత ఇంగ్లిష్ జానపదాలు వాయించే బ్యాండ్ పెట్టి, మ్యూజిక్ డిగ్రీ చేస్తానంటున్నాడు. అందులో బతుకుతెరువు ఉంటుందా? రెండు డిగ్రీలూ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, క్రికెట్ అనో, యానిమేషన్ అనో మార్చి ఇదే ఉత్తరం నాకు ఎందరో రాశారు. పైకి అడిగేది సంపాదన గురించి. లోపల నలిగేది మాత్రం ‘ఊళ్లో వాళ్లకి ఏం చెప్పుకోవాలి’ అని. దానికి నా దగ్గర మందు లేదు. సంపాదన సంగతి చెబుతాను.

మీవాడిలాగే పాత ఇంగ్లిష్ జానపదాలు వాయించే ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అని ఒక బ్యాండ్ ఉంది. 1967లో ఉత్తర లండన్ కుర్రాళ్లు మొదలుపెట్టారు. వాళ్లలో ఒకడైన సైమన్ నికోల్ ఇంట్లో సాధన చేసేవారు, ఆ ఇంటికున్న పేరే బ్యాండ్‌కి పెట్టుకున్నారు. ఆ ఇంట్లోనూ ఒక తల్లి ఈ గోలంతా భరించే ఉంటుంది. 1969 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో వాయించి రాత్రికి రాత్రే తిరిగొస్తుంటే ఎం1 హైవే మీద వ్యాన్ ప్రమాదంలో ఇద్దరు పోయారు. ఒకరు డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్, పందొమ్మిదేళ్లవాడు. అందుకే చెబుతున్నా, మీవాడికి ఇవ్వాల్సిన మొదటి సాయం కొత్త వయొలిన్ కాదు, దూరం వెళ్లిన రాత్రి అక్కడే పడుకోవడానికి గది డబ్బు.

ఆ ఏడాది చివర్లోనే వాళ్ల పేరు నిలబెట్టిన ఆల్బమ్ ‘లీజ్ అండ్ లీఫ్’ వచ్చింది. వచ్చేసరికి ఇద్దరు ముఖ్యులు బయటికెళ్లిపోయారు. పదేళ్లకి రికార్డులు అమ్ముడుపోక, ఒప్పందంలో మిగిలిన ఆల్బమ్‌లు చేయకుండా ఉండటానికే కంపెనీ డబ్బిచ్చి వదిలించుకుంది. 1979 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రాప్రెడీ అనే పల్లెలో వీడ్కోలు కచేరీ చేశారు. ఆ రికార్డింగ్‌ని ఏ కంపెనీ తీసుకోకపోతే వుడ్‌వర్మ్ అని సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టుకున్నారు. మరుసటేడు అక్కడే మళ్లీ కలిశారు. అదే ఏటేటా జరిగే పండుగై, వేలమంది టికెట్ కొనుక్కుని వచ్చేదాకా పెరిగింది. వాళ్ల బతుకుతెరువు కుదిరింది కంపెనీ వదిలేశాకే: సొంత లేబుల్, సొంత పండుగ, చలికాలం టూర్లు, కచేరీ బయట సీడీల బల్ల.

అదే బ్యాండ్‌లో ఫిడేలు వాయించిన డేవ్ స్వార్బ్రిక్ 1999లో ఆస్పత్రిలో ఉండగా ఒక పెద్ద పత్రిక పొరపాటున ఆయన చనిపోయాడని సంస్మరణ వేసేసింది. కోలుకున్నాక దాని కాపీల మీద సంతకం పెట్టి కచేరీల్లో అమ్మాడట! నవ్వొచ్చే సంగతే కానీ, ఊపిరితిత్తులు పాడై వాయించలేని రోజుల్లో ఆయన్ని ఆదుకోవడానికి తోటి కళాకారులు కచేరీలు చేయాల్సి వచ్చింది. సిక్ లీవ్ లేని ఉద్యోగమిది.

నన్ను భయపెట్టేది జానపదం కాదు. ‘ఒక్క రీల్ పేలితే చాలు’ అన్న మాట. 2021 జనవరిలో ‘వెల్లర్‌మ్యాన్’ అనే తిమింగలాల వేటగాళ్ల పాట టిక్‌టాక్‌లో మోగిపోయింది. స్కాట్లండ్ పోస్ట్‌మ్యాన్ ఒకాయన ఉద్యోగం మానేసి స్టార్ అయిపోయాడని అందరికీ తెలుసు. బ్రిస్టల్ బృందం ది లాంగెస్ట్ జాన్స్ అదే పాటని 2018లోనే రికార్డు చేసిందనీ, 2012 నుంచీ ఇలాంటి పాటలు పాడుతూనే ఉందనీ చెప్పేవాళ్లు తక్కువ. గాలి వీచినప్పుడు వాళ్ల దగ్గర పాటలు సిద్ధంగా ఉన్నాయి. మీవాడి దగ్గర గంటన్నర కచేరీకి సరిపడా పాటలున్నాయా? ముందు అది అడగండి. వైరల్ అవ్వడమెలాగో నేర్పుతామంటూ ఫీజు గుంజే కోర్సుల జోలికి మాత్రం పోనివ్వకండి. పాటల రాయల్టీలు వసూలు చేసిపెట్టే పీఆర్ఎస్ సంస్థలో చేరడం, కర్త తెలియని పాత పాటకి తాము చేసిన కొత్త కూర్పుని తమ పేర్న నమోదు చేసుకోవడం, మ్యుజీషియన్స్ యూనియన్ సభ్యత్వం: వీటికి కోర్సు అక్కర్లేదు.

ఇక మీ సంగతి. ఉగాది స్టేజీ మీద వాయిస్తే వీడియోలు తీసి వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపారు కదా? అప్పుడు ముద్దొచ్చిన వయొలిన్ ఇప్పుడెందుకు చేదైంది? పదకొండేళ్లు రోజూ సాధన చేసిన పిల్లాడు చెడిపోడమ్మా. ఆ ఓపికతో ఏ పనిలోనైనా నెగ్గుకొస్తాడు.

పోల్చమన్నారు. ఉద్యోగాల లెక్కలో కంప్యూటర్ సైన్సే మెరుగు, అందులో దాపరికం లేదు. కానీ ఫోక్ బ్యాండ్‌లో చేరడానికి మ్యూజిక్ డిగ్రీ ఎవరూ అడగరు. కాబట్టి కొట్లాట డిగ్రీ మీద వద్దు. ఆఫర్‌ని ఒక ఏడాది వాయిదా వేస్తారేమో యూనివర్సిటీకి రాసి అడగండి. ఈలోగా మీతోపాటు అబ్బాయికీ ఐఎల్ఆర్ వస్తే, కోర్సు మొదలయ్యే రోజుకి మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నట్టయితే, మామూలుగా హోమ్ ఫీజు (ఇక్కడి పిల్లలు కట్టే తక్కువ ఫీజు), స్టూడెంట్ లోన్ రెండూ అందుతాయి. లేకపోతే చాలావరకు విదేశీ ఫీజే. ఆ ఏడాదంతా బ్యాండ్‌తో తిరగనివ్వండి, తండ్రి వీసాతో వచ్చిన డిపెండెంట్ వీసా మీద సొంతంగా సంపాదించుకోవచ్చు. తొందరపడి స్టూడెంట్ వీసాకి మార్చారో, స్వయం ఉపాధీ కుదరదు, డబ్బు తీసుకుని కచేరీలూ చేయకూడదు. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక వీసాల సంగతి తెలిసిన సొలిసిటర్‌ని (లాయర్‌ని) ఈ వారమే కలవండి. అబ్బాయిని కూడా తీసుకెళ్లండి.