వైర్ లేజర్ మెషిన్‌తో మొదలుపెడుతున్న తమ్ముడికి: ముందు ఎత్తు సంగతి చూడు

తమ్ముడూ,

లోహపు వైర్‌ను లేజర్‌తో కరిగిస్తూ పొర మీద పొరగా పార్ట్ పోసే నీ మెషిన్‌లో మెల్ట్ పూల్ (లేజర్ కింద కరిగిన లోహపు మడుగు) మీద కెమెరా బిగించాను, ఇక దాని వెడల్పు చూసి కంట్రోలరే లేజర్ పవర్‌ను తగ్గిస్తూ పెంచుతూ ఉండేలా లూప్ పెట్టేస్తాను అని రాశావు. పెట్టు, మంచిదే, కానీ ఇప్పుడే వద్దు. ముందు లేయర్ ఎత్తు నీ అదుపులోకి రావాలి. వైర్‌తో చేసే పనిలో పార్ట్‌ను ఎక్కువగా పాడుచేసేది అదే.

వైర్ బదులు లోహపు పౌడర్‌తో అయితే, దాని ఫోకస్ (పౌడర్ ధారలు కలిసే చోటు) సరైన చోట పెట్టుకుంటే, ఎత్తులో చిన్న తేడా వచ్చినా పూల్‌లో పడే పౌడర్ వాటా మారి కొంతవరకు దానంతట అదే సర్దుకుంటుంది. వైర్‌కి ఆ వెసులుబాటు లేదు, నువ్వు తోసిన లోహమంతా ఎక్కడో ఒకచోట చేరాల్సిందే. ప్రోగ్రామ్‌లో లేయర్‌కి 1.5 మి.మీ. చొప్పున హెడ్‌ను (లేజర్, వైర్ నాజిల్ ఉండే భాగాన్ని) పైకి లేపుతున్నావు, నిజంగా వచ్చేది 1.4 అనుకో, 10 లేయర్లు అయ్యేసరికి నాజిల్ పార్ట్‌కి 1 మి.మీ. దూరం జరిగిపోయి ఉంటుంది, వైర్ కొస పూల్‌ను అందుకోలేక పైనే కరిగి బొట్లు బొట్లుగా రాలుతుంది. అదే 1.6 వస్తుంటే వైర్ పూర్తిగా కరగకుండానే పూల్ అడుగున ఉన్న గట్టి లోహాన్ని పొడుస్తుంది, వంగుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి అక్కడే అతుక్కుపోతుంది. లేయర్‌కి 0.1 మి.మీ. తేడా చాలు ఇదంతా జరగడానికి.

కాబట్టి ముందు కాగితం మీద లెక్క వేసుకో. 1.2 మి.మీ. వైర్ అడ్డుకోత వైశాల్యం సుమారు 1.13 చదరపు మి.మీ. నిమిషానికి 2 మీటర్లు తోస్తూ హెడ్‌ను సెకనుకు 10 మి.మీ. వేగంతో నడిపితే బీడ్ (ఒక్క వరుసగా పడిన లోహపు గీత) అడ్డుకోత దాదాపు 3.77 చదరపు మి.మీ. అవుతుంది. పక్కపక్క బీడ్ల మధ్య 2.5 మి.మీ. జరుపుతుంటే లేయర్ సగటున 1.5 మి.మీ. రావాలి. కొలిస్తే అంత రాలేదంటే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకు, వైర్‌ను తోసే ఫీడర్ దగ్గరికి వెళ్లు. రోలర్లు జారుతున్నాయా, లైనర్‌లో (వైర్ నడిచే గొట్టంలో) చెత్త పేరుకుందా, స్పూల్ మీద వంపు తిరిగిన వైర్ సరిగ్గా సాఫు కాకుండానే నాజిల్‌లోకి వస్తోందా చూడు. మోటార్ ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్‌ను నమ్ముకుని కూర్చోవద్దు, వైర్‌నే తాకుతూ తిరిగే చక్రం ఒకటి పెట్టించుకో, అసలు ఎంత వెళ్తోందో అదే చెబుతుంది.

ఇది కుదిరాక ఎత్తు లూప్. ప్రతి లేయర్ తర్వాత ఎత్తు కొలిచే లైన్ స్కానర్‌తో పైభాగం మొత్తం స్కాన్ చెయ్యి, పల్లంగా ఉన్న చోట తర్వాతి లేయర్‌లో వైర్ కాస్త పెంచు, ఎత్తుగా ఉన్న చోట తగ్గించు. నేనైతే ఆ మార్పును 10 శాతం దాటనివ్వను, ఎందుకంటే చల్లటి వైర్ ఎక్కువ తోసేకొద్దీ అది పూల్‌లోని వేడిని లాగేసుకుంటుంది. మూలల దగ్గర మాత్రం విడిగా చూసుకో. అక్కడ హెడ్‌ను మోసే రోబో నెమ్మదిస్తుంది, ఫీడర్ మాత్రం అదే వేగంతో తోస్తూ ఉంటుంది, అందుకే ప్రతి మూలా ఉబ్బుతుంది. ఫీడర్‌ను రోబో అసలు వేగంతో కలిపి నడిపితే ఈ బాధ చాలావరకు పోతుంది.

ఇప్పుడు నీ కెమెరా సంగతి. మొదటి లేయర్ల వేడిని బేస్ ప్లేట్ లాగేసుకుంటుంది, పైకి వెళ్లేకొద్దీ వేడికి దారి తగ్గి అదే పవర్‌కి పూల్ వెడల్పవుతుంది, దీనికి పవర్ తగ్గించడం సబబే. కానీ ప్రతి లేయర్ మొదలుపెట్టే ముందు పార్ట్ ఒకే ఉష్ణోగ్రతకి చల్లారేదాకా ఆగితే సగం పని లూప్ లేకుండానే అయిపోతుంది. అది చేశాకే లూప్ పెట్టు, పవర్‌కి కింది హద్దు తప్పకుండా పెట్టు. నాకు భయమంతా ఇక్కడే. పూల్ వెడల్పుగా కనిపిస్తోందని కంట్రోలర్ పవర్ తగ్గిస్తూ పోతే, వైర్ మాత్రం అంతే వస్తుంటే, కొత్త లోహం కింది లేయర్‌తో సరిగ్గా కలవకుండా ఉండిపోతుంది. పైకి బీడ్ అందంగానే ఉంటుంది, లోపం లోపల దాక్కుంటుంది.

ఇంకొకటి, ఎత్తు లూప్ లేయర్‌కి ఒకసారి, పవర్ లూప్ లేయర్ లోపల, ఇలా వేరువేరు వేగాల్లో నడవనివ్వు. రెండూ ఒకే వేగంతో పరిగెడితే ఒకటి చేసింది మరొకటి చెరుపుతుంది. పవర్ లాగ్ రోజూ చూడు. పైకి వెళ్లేకొద్దీ తగ్గాల్సిన పవర్ పెరుగుతూ పోతోందంటే ముందు లేజర్ లెన్స్‌ను కాపాడే ప్రొటెక్టివ్ గ్లాస్ మీద మసి పట్టిందేమో చూడు.

మొదలుపెట్టేటప్పుడు ముందు పూల్ ఏర్పడాలి, ఆ తర్వాతే వైర్. ఆపేటప్పుడు ముందు వైర్ వెనక్కి లాగి, తర్వాత లేజర్ ఆపు. టైటానియం చేస్తుంటే బీడ్ వెండిలా మెరవాలి, నీలం గానీ బూడిద రంగు గానీ కనిపించిందంటే గాలి తగలకుండా కప్పే ఆర్గాన్ వాయువు కవరేజ్ సరిచేసేదాకా ముందుకెళ్లకు.

ఈ వారం ఏ లూప్ లేకుండా ఒక చిన్న దిమ్మ పోసి, ప్రతి లేయర్ స్కాన్ డేటా, వైర్‌ను తాకే చక్రం లాగ్ రెండూ నాకు పంపు. గెయిన్‌ల (లూప్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకెల) సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

అన్న